గాయం మానుతుండగా కొండల్లో నడక: దిగుడు లెక్కతో మొదలుపెట్టే సమగ్ర మార్గదర్శి

కాలికి దెబ్బ తగిలి కోలుకుంటున్న వాళ్లు ముందుగా అడిగేది "మళ్లీ కొండ ఎక్కగలనా?" అనే. నిజానికి ఎక్కడం గురించి అంత బెంగ అక్కర్లేదు. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కాళ్లు బరువెక్కుతాయి, ఆగిపోతాం, వెనక్కి తిరుగుతాం. కష్టమంతా దిగడంలోనే ఉంది. అప్పటికి కాళ్లలో సత్తువ తగ్గిపోయి ఉంటుంది. అడుగడుగుకీ ఒంటి బరువంతా ఒక్క కాలి మీదకి దిగుతుంది. మధ్యలో ఆగినా దిగాల్సింది అలాగే మిగిలి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శి లెక్కంతా కిందనుంచి పైకి కాకుండా పైనుంచి కిందకి వేస్తుంది: ఎంత దిగగలరో అంతే ఎక్కండి.

ఇందులో ఎక్కువగా మాట్లాడేది చీలమండ బెణుకు, మోకాలి నొప్పి, మడమ వెనక టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే గట్టి తాడు) నొప్పి, అతుక్కున్న ఎముకల గురించి. చేతులు, నడుము సంగతి చివర్లో కొంచెం ఉంది. ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం ఇందులో ఏది మొదలుపెట్టాలన్నా ముందు తమ సర్జన్‌ని అడగాలి. మోకాలిలో లిగమెంట్ (ఎముకల్ని ఒకదానికొకటి కట్టి ఉంచే పట్టీ) మళ్లీ కట్టించుకున్నవాళ్లకి, అరికాలి ఎముకలో స్క్రూలు ఉన్నవాళ్లకి ఒకే లెక్క పనికిరాదు.

1. గాయం ఏ దశలో ఉందో తేల్చుకోండి

నొప్పి తగ్గిందంటే గాయం మానిందని అనుకుంటాం. ఈ రెండిటికీ మధ్య చాలా దూరం ఉంటుంది. లిగమెంట్ తెగినా సాగినా మొదటి కొన్ని రోజులు వాపు, ఎరుపు, వేడి ఉంటాయి. తర్వాత కొన్ని వారాలపాటు కొత్త కణజాలం అడ్డదిడ్డంగా అల్లుకుంటుంది. ఆ అల్లిక బరువు పడే దిశలో సర్దుకుని గట్టిపడటానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది. నొప్పి రెండో దశలోనే చాలావరకు పోతుంది. బెణికిన చీలమండే మళ్లీ మళ్లీ బెణకడానికి ఇదొక కారణం: బాగైందనుకుని అసలు పట్టు రాకముందే రాళ్ల మీద అడుగు పెడతాం.

ఎముక మామూలుగా 6 నుంచి 12 వారాల్లో అతుక్కుంటుంది, ముంగాలి ఎముకకి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఎముక తన మీద పడే బరువుని బట్టి తనని తాను మలుచుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు. కాబట్టి పూర్తి విశ్రాంతి కూడా మందు కాదు. పిండికట్టులో కాలు రెండు వారాలుంటే చాలు, తొడ కండరం చూపుకి తెలిసేంత సన్నబడుతుంది. విశ్రాంతి, మంచు, బిగింపు కట్టు, కాలు ఎత్తి పెట్టడం అనే నాలుగు సూత్రాలు 1978లో ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్, మంచు, పూర్తి విశ్రాంతి మానడాన్ని ఆలస్యం చేయవచ్చని 2014లో తనే మాట మార్చుకున్నాడు. మొదటి కొద్ది రోజులు దాటాక నొప్పి ఒప్పుకున్నంత మేర కదిలించడమే ఇప్పటి పద్ధతి.

బెణుకే కదా అని డాక్టరుకి చూపించుకోని వాళ్లకి ఒక మాట. చీలమండ గాయాలకి ఎక్స్‌రే అవసరమా కాదా తేల్చడానికి కెనడాలో 1992లో ఒట్టావా నియమాలు రూపొందాయి. చీలమండకి ఇటూ అటూ పొడుచుకొచ్చే ఎముకల వెనక అంచున గానీ కొనన గానీ నొక్కితే నొప్పి ఉండటం, పాదం వెలుపలి అంచు మధ్యలో తగిలే ఎముక గడ్డ మీద నొప్పి, పాదం లోపలి వైపు వంపు పైన ఎముక మీద నొప్పి, దెబ్బ తగిలిన వెంటనేా, తర్వాత డాక్టరు ముందూ కూడా నాలుగడుగులు వేయలేకపోవడం: వీటిలో ఏది ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. దెబ్బ తగిలి వారాలు గడిచినా ఎముక మీద ఒకేచోట వేలితో చూపించగలిగేలా నొప్పి ఉంటే కొండ మాట పక్కన పెట్టి ముందు ఆ సంగతి చూడండి.

ఇంకొకటి. కాలు కదలకుండా ఉంచినవాళ్లకి పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది. ఒక్క పిక్క మాత్రమే ఉబ్బి, వెచ్చగా, పట్టేసినట్టు నొప్పిగా ఉంటే అది నడకతో సర్దుకునే నొప్పి కాదు. దానితోపాటు ఉన్నట్టుండి ఆయాసమో, ఛాతీలో నొప్పో వస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

2. మీ గాయానికి ఏ వాలు పడదో తెలుసుకోండి

కొండ నడక అంటే ఒకటే వ్యాయామం అన్నట్టు మాట్లాడతారు గానీ, ఎక్కడం ఒక పని, దిగడం పూర్తిగా వేరే పని, వాలుకి అడ్డంగా నడవడం మూడోది. దెబ్బ ఎక్కడ తగిలిందో దాన్ని బట్టి ఈ మూడింటిలో ఏది శత్రువో మారిపోతుంది.

ఎక్కేటప్పుడు పాదం ముందుభాగం మీద లేస్తాం. మడమ కిందకి జారుతుంది, చీలమండ బాగా వంగుతుంది, పిక్క కండరం, మడమ వెనకుండే అకిలిస్ టెండన్, అరికాలి పట్టీ సాగుతూనే బలం ఇవ్వాలి. అందుకే ఈ మూడింటిలో గాయమున్నవాళ్లకి నిటారు ఎక్కుడు పడదు. దిగడం వాళ్లకి అంత ఇబ్బంది పెట్టదు.

దిగేటప్పుడు పనంతా తొడ ముందు కండరానిది. ఆ కండరం పొడవు సాగుతూనే బ్రేకు వేస్తుంటుంది. మోకాలు వంగి ఉండగా బరువు పడుతుంది కాబట్టి మోకాలి చిప్ప వెనక ఒత్తిడి బాగా పెరుగుతుంది. చిప్ప చుట్టూ నొప్పి, మృదులాస్థి అరుగుదల, మోకాలి ఆపరేషన్ ఉన్నవాళ్లకి అసలు పరీక్ష ఇదే. మెట్లు ఎక్కేటప్పుడు ఏమీ అనిపించక, దిగేటప్పుడు కలుక్కుమంటుంటే మీరూ ఈ వర్గంలోనే ఉన్నట్టు.

వాలుకి అడ్డంగా పోయే బాటలో ఒక పాదం ఎప్పుడూ లోపలికి వాలి ఉంటుంది, రెండోది బయటికి. బెణికిన చీలమండకి ఇది ఏమాత్రం పడదు. చాలా బెణుకులు పాదం లోపలికి మడతపడటం వల్లే అవుతాయి. వెలుపలి వైపు లిగమెంట్ అప్పుడే తెగుతుంది. అడ్డబాటలో లోయవైపున్న పాదం సరిగ్గా అదే వైపు మడత పడటానికి చూస్తుంటుంది. కాబట్టి దెబ్బ తగిలిన చీలమండ లోయవైపు ఉండే పొడవైన అడ్డబాటలు మొదట్లో వద్దు. అదే బాటలో తిరుగు ప్రయాణంలో ఆ కాలు కొండవైపు వస్తుందని గుర్తుంచుకుంటే దారి పటం చదవడమే మారిపోతుంది.

దీన్నిబట్టి ఒక వెసులుబాటు ఉంది, చాలామంది వాడుకోరు. పైదాకా రోడ్డో, రోప్‌వేనో ఉన్న కొండలు చాలా చోట్ల ఉంటాయి. మోకాలి గాయం ఉన్నవాళ్లు నడిచి ఎక్కి బండిలో దిగవచ్చు. అకిలిస్ నొప్పి ఉన్నవాళ్లు బండిలో పైకెళ్లి, మెల్లగా నడిచి దిగవచ్చు. ఇదేదో మోసం అనుకునే వాళ్లుంటారు. కోలుకుంటున్న కాలికి ఏ బరువు ఎంత వేయాలో ఇంత కచ్చితంగా ఎంచుకునే వీలు మరోచోట దొరకదు.

3. కొండకి ముందు ఇంట్లో పరీక్ష

ఇవన్నీ రెండు కాళ్లతోనూ చేసి పోల్చుకోవాలి. మీ కొలత మీ బాగున్న కాలే, వేరేవాళ్ల అంకెలు కాదు.

- ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడండి, తర్వాత కళ్లు మూసుకుని. బెణుకు తర్వాత కాలి స్థితిని మెదడుకి తెలిపే నాడుల చురుకు తగ్గుతుంది. కళ్లు మూయగానే అది బయటపడిపోతుంది.
- గోడకి ఎదురుగా నిలబడి, మడమ లేవకుండా మోకాలు గోడకి తాకించండి. బొటనవేలిని గోడనుంచి ఎంత దూరం జరిపినా మోకాలు తాకుతుందో కొలవండి. చాలామందికి 10 సెంటీమీటర్లకి అటూఇటూ వస్తుంది. రెండు కాళ్ల మధ్య 2 సెంటీమీటర్లకి మించి తేడా ఉంటే చీలమండ ఇంకా బిగుసుకునే ఉంది.
- గోడని వేలితో తాకుతూ ఒంటికాలి మడమ ఎత్తి దించండి. బాగున్న కాలు ఎన్నిసార్లు ఎత్తితే దెబ్బ కాలు అందులో పదింట తొమ్మిదొంతులైనా ఎత్తగలగాలి.
- సుమారు 20 సెంటీమీటర్ల మెట్టు మీద దెబ్బ కాలితో నిలబడి, రెండో కాలి మడమని నేలకి సుతారంగా తాకించి పైకి రండి. పదిసార్లు. మోకాలు లోపలికి కూలిపోతుంటే, తుంటి ఒకవైపు వాలిపోతుంటే, చివరికి కాలు దబ్బున పడుతుంటే దిగుళ్లకి ఇంకా సిద్ధంగా లేరు.

చివరిదాన్ని అద్దం ముందు చేయండి, లేదా ఎవరితోనైనా వీడియో తీయించుకోండి. మోకాలు వంకర పోతున్న సంగతి లోపల్నుంచి తెలియదు.

4. సమతలం, మెట్లు, వాలు

కుంటకుండా చదునైన నేల మీద 45 నిమిషాలు నడవగలిగేదాకా వాలు జోలికి వెళ్లకండి. కుంటుతూ నడిస్తే రెండో కాలి తుంటికి, నడుముకి కొత్త తంటా మొదలవుతుంది.

తర్వాత మెట్లు. ఎక్కడం పెంచినంత సులభంగా దిగడం పెంచకూడదు. మెల్లగా, ఒక్కో మెట్టుకి మూడు అంకెలు లెక్కపెడుతూ దిగండి. తొడ కండరం సాగుతూ బ్రేకు వేయడం నేర్చుకునేది ఇక్కడే. అలవాటు లేని దిగుడు తర్వాత తొడలు పట్టేయడం, ఆ నొప్పి రెండో మూడో రోజు ముదరడం మామూలే. దీనికో మేలు ఉంది: ఒకసారి కొద్దిపాటి దిగుడు చేసిన కండరం తర్వాత కొన్ని వారాలపాటు అదే పనికి అంతగా నొచ్చుకోదు. కొండకి పదిరోజుల ముందు చేసిన చిన్న దిగుడు సాధన అసలు రోజున మోకాలికి కాపు కాస్తుంది.

అకిలిస్ నొప్పికి స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ 1998లో ప్రచురించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. మెట్టు అంచున పాదం ముందుభాగం ఆన్చి, రెండు కాళ్లతో లేచి, దెబ్బ కాలితో మాత్రమే మడమని మెట్టుకన్నా కిందకి మెల్లగా దించాలి. 15 సార్లు చొప్పున మూడు విడతలు, రోజుకి రెండు పూటలు, 12 వారాలు. మోకాలు నిటారుగా ఉంచి ఒకసారి, కొంచెం వంచి ఒకసారి. టెండన్ మడమ ఎముకకి అతుక్కునే చోటే నొప్పి ఉన్నవాళ్లు మడమని మెట్టుకన్నా కిందకి దించకూడదు, మెట్టు మట్టం దాకా చాలు.

చీలమండకి తూకం (తూలకుండా నిలదొక్కుకునే) సాధనే ప్రధానం. పళ్లు తోముకుంటూ ఒంటికాలి మీద నిలబడటం అలవాటైతే దానికి వేరే సమయం కేటాయించక్కర్లేదు.

5. ఎంత నొప్పి దాకా నడవవచ్చు

"నొప్పి వస్తే ఆపేయండి" అన్న సలహా వినడానికి బాగుంటుంది గానీ పాటించలేం. కోలుకుంటున్న కాలు ఏదో ఒకటి అంటూనే ఉంటుంది. ఫిజియోథెరపిస్టులు వాడే సున్నా నుంచి పది దాకా కొలత దీనికన్నా మేలు. 2 దాకా ఉంటే నిశ్చింతగా సాగవచ్చు. 3 నుంచి 5 దాకా ఉంటే ఆచితూచి నడవవచ్చు, కానీ మర్నాడు పొద్దునకి నొప్పి మళ్లీ మొదటి స్థాయికి రావాలి. 5 దాటితే ఆ రోజుకి వెనుదిరగడమే. ఈ కొలత టెండన్, కండరం, మోకాలి చిప్ప నొప్పులకి బాగా పనికొస్తుంది. ఎముక విరిగిన చోట నొప్పి మొదలైతే మాత్రం దీన్ని వాడకండి, అక్కడ 2 కూడా ఎక్కువే.

అంకెకన్నా గట్టి సాక్ష్యం మర్నాటి పొద్దు. మంచం దిగి వేసే మొదటి పది అడుగులు ఎలా ఉన్నాయో చూసుకోండి. నిన్నటికన్నా బిగుసుకుందా, మెట్లు దిగుతుంటే పక్కకి వాలుతున్నారా, చీలమండ ఎముకల గుంటలు వాపుతో పూడిపోయాయా? అలా ఉంటే నిన్నటి నడక ఎక్కువైందని అర్థం. వచ్చేసారి దూరం కాదు, దిగుడు తగ్గించండి.

నడకకి ముందు నొప్పిమాత్ర వేసుకుని బయల్దేరడం నేను ఎవరికీ చెప్పను. నొప్పి ఆ రోజు మీకు అందే ఏకైక సమాచారం, దాన్ని మాత్రతో మూసేస్తే లెక్క తప్పుతుంది. తిరిగొచ్చాక అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోండి.

కొన్నిటికి అంకెలతో పని లేదు. మోకాలు ఉన్నట్టుండి జారిపోవడం, వంగి ఇరుక్కుపోవడం, నడకలోనే వాపు రావడం, పాదం తిమ్మిరెక్కడం: వీటిలో ఏది కనిపించినా నొప్పి లేకపోయినా అక్కడితో ఆపాలి.

6. దారిని ఎంచుకోవడం

శిఖరం పేరు చూసి కాదు, మొత్తం దిగుడు మీటర్లు చూసి ఎంచుకోండి. పైకి 300 మీటర్లే అని ఉన్నా, మధ్యలో లోయల్లోకి దిగి మళ్లీ ఎక్కే బాటలో మొత్తం దిగుడు 500 కావచ్చు. ఫోన్ యాప్‌లు ఎక్కుడు, దిగుడు రెండూ చూపిస్తాయి, రెండోదే చదవండి.

సమయం లెక్కకి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, పైకి ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. పోనూ రానూ 6 కిలోమీటర్లు, 300 మీటర్ల ఎక్కుడు ఉన్న దారికి గంటా 42 నిమిషాలు వస్తుంది. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్ల లెక్క, ఆగడాలు లేకుండా. కోలుకుంటున్న కాలికి మొదట్లో దాన్ని రెట్టింపు చేయండి, మూడున్నర గంటలనుకోండి. నైస్మిత్ దిగుడుకి అదనపు సమయం ఇవ్వలేదు. దెబ్బ కాలితో దిగడానికి ఎక్కినంతసేపు పట్టినా ఆశ్చర్యపోకండి.

చుట్టి వచ్చే బాటకన్నా వెళ్లిన దారినే తిరిగొచ్చే బాట మేలు. ఎక్కడైనా వెనక్కి తిరగవచ్చు, ముందేముందో అన్న బెంగ ఉండదు. చుట్టుబాటలో సగం దాటాక వెనక్కి రావడమూ, ముందుకి పోవడమూ ఒక్కటే అయిపోతుంది, నొప్పితో ఉన్న మనిషికి అది చెడ్డ చిక్కు. నేల కూడా చూడండి. గట్టిపడిన మట్టిబాట, కట్టిన మెట్లు, వెడల్పు అటవీ రోడ్డు మొదట్లో మంచివి. కంకర జారుడు, తడి ఆకులు కప్పిన రాళ్లు, వేర్లు అల్లుకున్న దారి చీలమండకి ఆఖరు తరగతి పాఠాలు.

పెంచేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే పెంచండి: దూరమో, దిగుడో, నేల కరుకుదనమో, వీపు మీద బరువో. రెండు కలిపి పెంచితే మర్నాడు నొప్పొచ్చినా దేనివల్లో తెలియదు. అదే దారిని వరుసగా రెండుసార్లు నడిచి, రెండుసార్లూ మర్నాడు పొద్దున కాలు ఏమీ అనకపోతేనే తర్వాతి మెట్టు.

బయల్దేరేముందే వెనుదిరిగే సమయం ఒకటి రాసి పెట్టుకోండి, తోడుండే వాళ్లకీ చెప్పండి. ఆ సమయానికి శిఖరం కనిపిస్తూ ఉన్నా తిరగాల్సిందే. తోడు లేకుండా వెళ్లొద్దు. మీకన్నా వేగంగా నడిచే స్నేహితుల బృందం కన్నా ఓపికున్న ఒక్కరు నయం, ఎందుకంటే వెనకబడినవాళ్లు ఎప్పుడూ తమ వేగం కన్నా కాస్త ఎక్కువగానే నడుస్తారు.

7. కర్రలు, బూట్లు, కట్లు

కొనాల్సింది ఒకటే ఉందంటే ట్రెక్కింగ్ కర్రల జత కొనండి. 25 డిగ్రీల వాలు దిగుతుంటే కర్రల వల్ల మోకాలి కీలు మీద పడే బలాలు 12 నుంచి 25 శాతం దాకా తగ్గాయని ఆస్ట్రియా పరిశోధకులు 1999లో కొలిచి చూపించారు. చదునులో మోచేయి లంబకోణంలో ఉండేలా పొడవు పెట్టుకోండి. నిటారుగా ఎక్కేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు తగ్గించి, దిగేటప్పుడు అంతే పెంచండి. పట్టీలోకి చేయి కింది నుంచి పైకి దూర్చి, పట్టీతో సహా పిడి పట్టుకోవాలి. బరువు మణికట్టు మోస్తుంది, పిడికిలి బిగించక్కర్లేదు. ఒక్క కర్రే ఉంటే దాన్ని దెబ్బ కాలికి ఎదురు చేతిలో పట్టుకోండి. చాలామంది అదే వైపు పట్టుకుంటారు, దానివల్ల ఒళ్లంతా ఆ కాలి మీదకే వాలుతుంది.

ఎత్తు బూట్లు చీలమండని కాపాడతాయన్న నమ్మకం ఉంది. రాళ్లు గీరుకోకుండా కాపాడతాయి, నిజమే. బెణుకు మళ్లీ రాకుండా చూడటంలో మాత్రం తాళ్లతో బిగించే చీలమండ బ్రేస్ (పట్టుతొడుగు), తూకం సాధన వీటికన్నా నమ్మదగ్గవి. టేపు కట్టు వేసుకుంటే చెమటకి, కదలికకి అరగంటలోపే పట్టు సడలడం మొదలవుతుంది, సగం రోజు నడకకి దాన్ని నమ్ముకోకండి. బ్రేస్ వేసుకుని బూటు తొడిగి చూశాకే బూటు సైజు తేల్చుకోండి. వేళ్ల ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి. దిగడం మొదలుపెట్టేముందు కూర్చుని తాళ్లు మళ్లీ కట్టుకోండి: మడమని బూటు వెనక్కి కొట్టి ఆనించి, చీలమండ వంపు దగ్గర తాడుని రెండు మెలికలు వేసి బిగించండి. దాంతో పాదం ముందుకి జారదు.

బ్యాగు బరువు గురించి ఒక్క మాట చాలు: మొదటి నడకల్లో నీళ్లు, చలిబట్ట, ప్రథమ చికిత్స సామాను, తలకి కట్టుకునే టార్చి మించి ఏదున్నా తోడుండే వాళ్ల బ్యాగులో వేయండి.

8. అడుగు ఎలా దించాలి

బాట మధ్యలో మోకాలెత్తు కన్నా కొంచెం తక్కువున్న రాతి మెట్టు వచ్చిందనుకుందాం. ఆగండి. రెండు కర్రలూ కింది నేల మీద, పాదం దిగబోయే చోటుకి ఇటూ అటూ ఆన్చండి. అవి జారవని ఒకసారి నొక్కి చూసుకోండి. ముందు దెబ్బ కాలిని దించండి, బరువుని బాగున్న కాలే మోస్తూ మెల్లగా వంగుతుంది, చేతులు సగం బరువు పంచుకుంటాయి. దెబ్బ కాలి పాదం మొత్తం నేలకి ఆనాక, మోకాలు కొంచెం వంగి పాదం వేళ్ల దిశలోనే ఉందని చూసుకున్నాక రెండో కాలు తీసుకురండి. ఎక్కేటప్పుడు దీనికి తిరగేసి: బాగున్న కాలు ముందు, దెబ్బ కాలు, కర్రలు వెనక. మెట్టు మరీ ఎత్తయితే కూర్చుని దిగండి. సిగ్గుపడాల్సిందేమీ లేదు, ప్యాంటు మాసిపోవడమే నష్టం.

మామూలు వాలులో అడుగులు చిన్నవి చేయండి. పెద్ద అడుగు వేస్తే మడమ ముందు తగిలి, మోకాలు నిటారుగా ఉండగా బరువు పడుతుంది, ఆ కుదుపు తుంటిదాకా తెలుస్తుంది. భయంతో వెనక్కి వాలితే పాదం జారుతుంది. ఛాతీ పాదాల మీదకి ఉండాలి, మోకాళ్లు సడలి ఉండాలి. వాలు నిటారుగా ఉండి బాట వెడల్పుగా ఉంటే నాగుపాము నడిచినట్టు ఇటూ అటూ మెలికలు తిరుగుతూ దిగండి. బెణికిన చీలమండ ఉన్నవాళ్లు మాత్రం ఈ మెలికల్లో దెబ్బ కాలు లోయవైపు వచ్చినప్పుడల్లా నెమ్మదించాలి. ప్రతి 20 నిమిషాలకి అలసట లేకపోయినా ఆగండి. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి కండరం అలిసిన సంగతి తొట్రుపడ్డాకే తెలుస్తుంది.

మాట్లాడుతూ దిగొద్దు. ఇది కొంచెం మొరటుగా వినిపిస్తుంది గానీ, చివరి కిలోమీటరులో కబుర్లలో పడ్డప్పుడే చాలా పాదాలు మడత పడతాయి.

9. దారిలో మళ్లీ దెబ్బ తగిలితే

వెంటనే లేచి నడవకండి. కూర్చోండి, ఊపిరి కుదురుకోనివ్వండి, పైన చెప్పిన ఒట్టావా ఎముకల్ని నొక్కి చూసుకోండి. నాలుగడుగులు వేయగలిగితే బ్రేస్ బిగించి, రెండు కర్రలతో, బ్యాగు తోడుండే వాళ్లకి ఇచ్చి నెమ్మదిగా దిగవచ్చు. బూటు విప్పకండి, వాపొస్తే మళ్లీ ఎక్కదు. పాదం చల్లబడి, తెల్లబడి, స్పర్శ తెలియకుండా పోతే మాత్రం తాళ్లు వదులు చేసి చూడాలి.

నడవలేకపోతే చలి అన్నిటికన్నా ముందు వచ్చే శత్రువు. కిందా పైనా బట్టలు వేసుకుని, బ్యాగు మీద కూర్చోండి. ఫోన్ అందకపోతే ఈల: నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు. టార్చి వెలుగుతోనూ ఇదే లెక్క. నిమిషానికి మూడుసార్లు బదులొస్తే మీ పిలుపు అందిందని అర్థం. అందినా ఊదడం ఆపకండి, శబ్దాన్ని బట్టే మీ చోటు వెతుకుతారు.

1977లో కారకోరంలోని ఓగర్ శిఖరం నుంచి దిగుతూ బ్రిటిష్ పర్వతారోహకుడు డగ్ స్కాట్ రెండు కాళ్లూ విరగ్గొట్టుకుని, మోకాళ్ల మీద పాకుతూ బేస్ క్యాంపుకి చేరాడు. పర్వతారోహణ కబుర్లలో ఆ ఉదంతాన్ని ధైర్యానికి ఉదాహరణగా చెబుతుంటారు. అది వేరే దారి లేక చేసిన పని. సహాయం పిలిచే వీలున్న చోట పాకాల్సిన అవసరం ఎవరికీ లేదు.

10. చేతులు, నడుము, పక్కటెముకలు

చేతికి కట్టు ఉంటే కాళ్లు బాగున్నాయి కదా అని బయల్దేరతారు. ఒక చేయి మెడకి వేలాడుతుంటే తూకం తప్పుతుంది, జారితే ఆన్చుకోవడానికి చేయి ఉండదు, పైగా పడేది ఆ చేయి మీదే కావచ్చు. వెడల్పాటి, చదునైన బాటలకే పరిమితం కండి. పక్కటెముకలు విరిగినవాళ్లకి ఎక్కుడే ఇబ్బంది, లోతుగా ఊపిరి తీయలేరు. నడుము నొప్పికి నడక మంచిదే, బ్యాగు మంచిది కాదు.

11. రాత్రి బస ఉన్న నడకలు, ఎత్తైన ప్రదేశాలు

వరుసగా రెండు రోజులు నడిస్తే మర్నాటి పొద్దు పరీక్ష చేసుకునే వీలు పోతుంది, ఎందుకంటే ఆ పొద్దునే మళ్లీ నడవాలి. కాబట్టి ముందు ఇంటికి దగ్గర్లో వరుసగా రెండు రోజులు చిన్న దారులు నడిచి, మూడో రోజు కాలు ఏమంటుందో చూడండి. బస ఉన్న నడకలో రెండో రోజు దిగుడు మొదటి రోజుకన్నా తక్కువుండేలా దారి ఎంచుకోండి.

2500 మీటర్లు దాటితే గాయం లేనివాళ్లకే తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం రావచ్చు. 3000 మీటర్ల పైన నిద్రించే ఎత్తుని రోజుకి 500 మీటర్లకి మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు అదనంగా ఆగాలి. ఎత్తు జబ్బు ముదిరితే మందు ఒక్కటే: వెంటనే దిగడం. దిగే వేగమే లేని కాలితో అంత ఎత్తుకి వెళ్లడమంటే ఆ మందు ఇంట్లో వదిలేసి బయల్దేరినట్టే. దెబ్బ కాలు 1000 మీటర్ల దిగుడుని ఒకే రోజులో, మర్నాటి నొప్పి లేకుండా దాటేదాకా అటువైపు ప్రయాణాలకి టికెట్లు కొనొద్దు.